ఆ మందు ఆగితే మళ్లీ మొదటికే

సంపాదకులకు,

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చి 14 ఏళ్లయింది. మొదట్లో తాయెత్తులు కట్టించాం, పెళ్లి చేస్తే అదే తగ్గుతుందన్న మాటలూ విన్నాం, అలా రెండేళ్లు పోయాయి, తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఇప్పుడు ఆ జబ్బుకి క్లోజపిన్ అనే మందు వాడుతూ బాగానే ఉన్నాడు. పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చి, మిగిలిన చిల్లర లెక్కపెట్టి అమ్మ చేతిలో పెడతాడు. అది మాకెంత పెద్ద విషయమో బయటివాళ్లకు తెలీదు.

ఈ మందు రెండు రోజులకు మించి ఆగితే పాత డోసు ఒకేసారి వేయకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్షలూ తప్పవు. అలాంటి మందుకి, మేం వెళ్లే ప్రభుత్వాసుపత్రిలో పోయిన నెల "స్టాక్ లేదు, వచ్చేవారం రండి" అన్నారు. నాలుగు షాపులు తిరిగి కొన్నాం, ఆ రాత్రంతా టెన్షనే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వాసుపత్రులన్నిటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. స్టాక్ అయిపోతోందని వారం ముందు ఒక్క ఫోన్ చేసినా చాలు, మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం.

– ఒక అక్క