పసిబిడ్డలు ఎందుకు పోయారో రాయండి

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పెద్దాసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు పడ్డ పసికందుల ప్రత్యేక వార్డు) పసిపిల్లలు వరసగా చనిపోయిన వార్త వేశారు, కిందనే అధికారి గారి వివరణ, నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టారు కాబట్టి పోయారు, మా నిర్లక్ష్యం ఏం లేదు అని. అంతే, వార్త అయిపోయింది. నేను ప్రసూతి వార్డులోనూ పసిపిల్లల వార్డులోనూ డ్యూటీ చేసి రిటైరైన స్టాఫ్ నర్సుని. ఈ మాట నా సర్వీసంతా విన్నాను, ఇంక ఓపిక లేక రాస్తున్నా.

ఒట్టి తక్కువ బరువుకే పిల్లలు చనిపోరండీ. ఊపిరితిత్తులు విచ్చుకోక పోతారు, పేగు కుళ్లి పోతారు, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి పోతారు. ఈ మూడింటికీ ఆసుపత్రి ముందే చెయ్యాల్సిన పనులున్నాయి, అవి చేశారా లేదా అని మీ విలేకరి ఒక్క ముక్క అడగలేదు.

ఊపిరి సంగతి చూడండి. 34 వారాల్లోపు పుట్టే పిల్లల్లో చాలామందికి సర్ఫాక్టెంట్, అంటే ఊపిరితిత్తుల్ని తెరిచి ఉంచే పదార్థం, సరిపడా తయారై ఉండదు, అది లేకపోతే ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు మూసుకుపోతాయి. పుట్టిన కాసేపటికే బిడ్డ మూలుగుతూ డొక్కలెగరేస్తుంటే చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ. దీనికి ముందు జాగ్రత్త తల్లికే, కాన్పు కాకముందే తీసుకోవాలి. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి చొప్పున 4 ఇంజెక్షన్లు. ఇదేం వేలు పోసి కొనే మందు కాదు, చాలా చవక. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి మొదటి డోసు ఏఎన్‌ఎం కూడా వేసి పైకి పంపొచ్చని కేంద్రం 2014లోనే చెప్పింది. అయినా పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కణ్ణించి జిల్లాకి 108లో తిప్పుకుంటూ తీసుకొచ్చిన తల్లుల రిఫరల్ చీటీలో ఆ ఇంజెక్షన్ మాటే లేకపోవడం నా కళ్లతో చూశాను. తర్వాత ముక్కు ద్వారా ఒత్తిడితో గాలినిచ్చే సీప్యాప్ పెట్టినా, సర్ఫాక్టెంట్ మందు ఖరీదు పెట్టి పోసినా, చేజారిన ఆ గంటలు వెనక్కి రావు కదా.

ఇక పేగు జబ్బు, వార్డులో మేం నెక్ అంటాం. పాలు పట్టడం మొదలెట్టాక కడుపు ఉబ్బుతుంది, పచ్చటి వాంతి, విరోచనంలో రక్తం, ముదిరితే పేగుకి చిల్లు పడుతుంది. అసలు రాకుండా ఉండాలంటే తల్లి పాలని మించింది లేదు, డబ్బా పాలు పట్టిన పిల్లల్లోనే ఇది ఎక్కువ. కానీ సిజేరియన్ అయిన తల్లిని ఒక బ్లాకులో పడుకోబెట్టి బిడ్డని ఇంకో బ్లాకులో పెడితే పాలు పిండించేదెవరు, తెచ్చేదెవరు? ఆ అమ్మమ్మ ఏం చేస్తుంది పాపం, బయట షాపులో డబ్బా కొనుక్కొస్తుంది. డబ్బా పాల ప్రచారం కూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా గట్టి చేశారు, ఆసుపత్రి గేటు ముందు ఏం జరుగుతోందో చూసే అధికారి లేడు. ముంబై సయన్ ఆసుపత్రిలో తల్లి పాల బ్యాంకు 1989లోనే పెట్టారు, హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఉంది. మన జిల్లాకి మాత్రం ఇప్పటికీ రాలేదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఇన్ఫెక్షన్. 2016లో ఢిల్లీలోని 3 పెద్దాసుపత్రుల పిల్లల మీద చేసిన పరిశోధన వచ్చింది, ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా లాంటి క్రిములు దొరికాయి, చాలావాటికి మామూలు యాంటీబయాటిక్స్ పనిచెయ్యట్లేదు, అదీ ఎక్కువమందికి ఇన్ఫెక్షన్ వచ్చింది పుట్టిన 3 రోజుల్లోపే. ఇంత త్వరగా పట్టుకుందంటే కాన్పు గదినీ, వార్డునీ, మా చేతుల్నీ అనుమానించాల్సిందే కదా. సింకులో, సక్షన్ ట్యూబులో, కడుక్కోని చేతుల్లో ఉంటాయవి. ముగ్గురు నలుగురు పిల్లలకి ఒక నర్సు ఉండాలని లెక్క, రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఒకరున్నారో వెళ్లి చూడండి, బిడ్డని వెచ్చగా ఉంచే ఒకే వార్మర్ మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టినప్పుడు ఒకరిది ఇంకొకరికి అంటుకోకుండా ఎలా ఉంటుంది? బిడ్డకీ బిడ్డకీ మధ్య చేతులు కడుక్కునే టైము ఆ నర్సుకి ఎవరిచ్చారు? పైగా పిల్ల పోయాక సస్పెండ్ అయ్యేది ఆవిడే.

ఏదైనా జరగ్గానే నాయకులు మందీమార్బలంతో చెప్పులేసుకుని లోపలికొచ్చేస్తారు, కెమెరాలు కూడా, ఆపే ధైర్యం సూపరింటెండెంట్‌కి ఉండదు. కొత్త బ్లాకు ప్రారంభానికి వచ్చినవాళ్లు అందులో నర్సు పోస్టులు ఎన్ని ఖాళీ అని అడగరు. భండారాలో 2021 జనవరిలో, ఝాన్సీలో 2024 నవంబర్‌లో పసిపిల్లల వార్డులు కాలిపోయి ఆ రాత్రుల్లోనే 10 మంది చొప్పున పోతే నాలుగు రోజులు దేశమంతా తనిఖీలన్నారు. తర్వాత ఎవరికి గుర్తుంది?

తప్పంతా తల్లి మీదా, తేనె నాకించిన అత్తగారి మీదా నెట్టేయడం కూడా మానుకోవాలి. తేనె, ఆముదం పట్టడం తప్పే, నేనే ఎంతమందిని కోప్పడ్డానో. కానీ ఎస్‌ఎన్‌సీయూ లోపల పుట్టిన ఇన్ఫెక్షన్‌కి అత్తగారేం చేస్తుంది.

ప్రతి పిల్ల చావు మీదా రివ్యూ చెయ్యాలని కేంద్రం 2014లో పద్ధతి పెట్టింది. మీ విలేకరిని మళ్లీ పంపించండి. ఆ రివ్యూ జరిగిందా, తల్లులకి ఇంజెక్షన్ ఎన్ని గంటలకి పడింది, పిల్లలకి ఏ పాలు పట్టారు, రక్తంలో క్రిముల్ని పట్టే బ్లడ్ కల్చర్ పరీక్షలో ఏ క్రిమి వచ్చింది, ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది నర్సులున్నారు, అడిగి అదే పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు