ఫిర్యాదు: నా రిపోర్టుకు అర్థం చెప్పకుండా నెలల తరబడి తిప్పించుకుంటున్నారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

అయ్యా,

జుట్టు విపరీతంగా రాలుతోందని భీమవరంలోని మీ హెయిర్ క్లినిక్ బ్రాంచిలో తల చర్మానికి, జుట్టుకి స్కాన్ చేయించుకున్నాను. రిపోర్టు ఇచ్చారు. అందులో ఏముందో చెప్పే మనిషి మాత్రం ఇంతవరకు దొరకలేదు.

రిపోర్టు అడుగున డాక్టరు గారు ‘టెలోజెన్ ఎఫ్లూవియమ్’ అని రాసి, అడ్డగీత గీసి, పక్కనే ‘ఫిమేల్ ప్యాటర్న్ హెయిర్ లాస్’ అని రాశారు. నాది ఏదని కౌన్సెలర్‌ని అడిగితే, "ఏదైనా ఒకటే మేడమ్, ముందు పీఆర్‌పీ ప్యాకేజీ కట్టేయండి" అంది. అదే, మన రక్తంలోంచే ప్లాస్మా తీసి తలకి ఇచ్చే ఇంజెక్షన్లు. ఆ రెండు జబ్బులూ ఒకటెలా అవుతాయండీ? మొదటిది జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు మొదలై, సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. రెండోది పాపిడి దగ్గర మెల్లగా పలచబడుతూ పోతుంది. దానికి మినాక్సిడిల్ అనే మందు పనిచేసినా, మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గాక ఈ రాలడం మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. పాపిడీ వెడల్పయింది. జడకి రెండు చుట్లు తిరిగే రబ్బరు బ్యాండు ఇప్పుడు నాలుగు చుట్లు వేసినా జారిపోతోంది. రెండూ కలిసి ఉండొచ్చని కూడా అంటారు. అదే చెప్పమన్నాను, ప్యాకేజీ అడగలేదు.

పాలకొల్లు నుంచి బస్సెక్కి వస్తే, "డాక్టరు గారు ఈరోజు రాజమండ్రి బ్రాంచిలో ఉన్నారండి, రేపు ఫోన్ చేస్తారు" అన్నారు. ఆ రేపు రాలేదు. కాల్ సెంటర్‌కి చేస్తే తెలుగు కోసం నంబరు నొక్కమని, నొక్కాక హిందీలో మాట్లాడారు. ఒకబ్బాయి పేరూ ఫోన్ నంబరూ మొదటినుంచీ చెప్పించుకుని, అంతా విని, "రిపోర్టు సంగతి మా డిపార్ట్‌మెంట్ కాదు" అని బ్రాంచినే అడగమన్నాడు. బ్రాంచివాళ్లు హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. ఎవరూ మాట్లాడకుండానే ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రమే పండగ ఆఫర్ అంటూ మీ వాళ్లే ఫోన్ చేశారు! డబ్బు కట్టించుకోడానికైతే నా నంబరు బాగా గుర్తుంది మీకు.

మా అక్కని, ఆడపడుచుని మీ దగ్గరికి తీసుకొచ్చింది నేనే. మా వీధిలో ఎవరడిగినా మీ పేరే చెప్పేదాన్ని. ఆ మాత్రం విలువ కూడా లేకుండా చేశారు.

ఇంకో సంగతి. జుట్టుకని మీరిచ్చిన బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుండగానే థైరాయిడ్ టెస్ట్ చేయించారు. బయోటిన్ వల్ల ఆ టెస్టు తప్పుగా రావచ్చు. మాత్ర ఆపమని ముందుగా ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడా ‘నార్మల్’ని నేను నమ్మాలా వద్దా? ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్ట్ అసలు రాయనే లేదు. రక్తహీనత ఎక్కువగా ఉండే ఆడవాళ్లకి ఐరన్ నిల్వ చూడకుండా జుట్టు వైద్యం ఏం చేస్తారు?

డాక్టరు గారు స్వయంగా నాతో తెలుగులో మాట్లాడాలి. అది ఏ రకమో, ఏ ఆధారంతో అన్నారో కాగితం మీద రాసివ్వాలి. స్కాన్‌లో తీసిన ఫొటోలన్నీ నాకు కావాలి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్లకు 2002 నుంచీ నిబంధన ఉంది. ఈ వారంలోగా కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయిస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. కట్టిన డబ్బు మొత్తం, తిరిగిన ఖర్చులతో సహా అక్కడే అడుగుతాను.

ఇట్లు,
మీ పాలకొల్లు కస్టమర్