అమ్మకు, లాస్ ఏంజెలెస్ నుంచి

అమ్మా,

నేను బాగున్నాను. ఆఫీసు పని మామూలే, రాయడానికేమీ లేదు. మొన్న వీడియో కాల్‌లో చిక్కిపోయానన్నావు. ఆ రాత్రంతా నువ్వు నిద్రపోలేదని చెల్లి చెప్పింది. అంత టెన్షన్ పెట్టుకోకు. వేళకి తింటున్నాను.

కింద పోర్షన్‌లో ఉండే ఇరాన్ ఆంటీ తెలుసు కదా, తబ్రీజ్ వాళ్లు. 1979 విప్లవం తర్వాత ఇక్కడికి వచ్చేసిన కుటుంబం. ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సబ్జీ ఖోర్దన్ చేయడం నేర్పించారు. పొయ్యి వెలిగించే పనే లేదు. పుదీనా, కొత్తిమీర, ఉల్లికాడలు, సబ్జా గింజల మొక్క ఆకు, సోంపు వాసన వచ్చే తర్ఖూన్ అనే ఆకు, చిన్న ఎర్ర ముల్లంగులు. అంతా పచ్చిగానే తింటారు. వాళ్లకిది పొద్దున టిఫిన్‌లోనూ ఉంటుంది, మధ్యాహ్నం భోజనం పక్కనా ఉంటుంది.

పచ్చాకు తింటే కడుపు పాడవుతుందని అంటావని తెలుసు. ఆవిడ ఎంత శుభ్రంగా చేస్తారో నువ్వు చూడాలి. వేళ్లు కోసేసి, ముదురు కాడలు ఏరి, పెద్ద గిన్నెడు నీళ్లలో ఆకు ముంచి వదిలేస్తారు. ఇసుక అడుక్కి దిగాక ఆకుని పైనుంచి చేత్తో ఎత్తి తీస్తారు. గిన్నె వంచితే ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుందట. మళ్లీ నీళ్లు మార్చి, చివరికి పల్చటి బట్ట మీద ఆరబెడతారు. తడి ఉంటే పుదీనా నల్లబడుతుంది. ముల్లంగికి పైనుంచి గాట్లు పెట్టి చన్నీళ్లలో వేస్తే కాసేపటికి పువ్వులా విచ్చుకుంటుంది. ఆ పని నాకిచ్చారు.

అక్రూట్లు రాత్రే ఉప్పునీళ్లలో నానబెట్టి, పైపొర ఒలిచి పెట్టారు. ఒలిస్తే చేదు పోయి తెల్లగా, లేత కొబ్బరిలా ఉంటాయి. చీజ్ మాత్రం ఆవిడకి తృప్తి లేదు. తబ్రీజ్ దగ్గర లీఘ్వాన్ అనే ఊళ్లో గొర్రె పాలతో చేసి, నెలల తరబడి ఉప్పునీళ్లలో ఊరబెట్టేదే అసలైనదంటారు. ఇక్కడ బల్గేరియా ఫెటాతో సర్దుకుంటున్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూసి నాకు మన ఊరే గుర్తొచ్చింది.

వేడి గులకరాళ్ల మీద కాల్చే సంగక్ రొట్టె వెస్ట్‌వుడ్ వైపు దొరుకుతుంది. ఆ రొట్టె తుంచి, చీజ్ రాసి, ఆకులూ అక్రూటూ పెట్టి చుట్టి, మొదటిది ఆవిడే నా చేతిలో పెట్టారు. నువ్వు తప్ప నాకెవరూ అలా పెట్టలేదమ్మా. కడుపు నిండా తిన్నాను.

ఉగాదికి రాలేనన్నప్పుడు నువ్వేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. సెలవు దొరకలేదు, అంతే, రావాలని లేక కాదు. మార్చి 20 ప్రాంతంలో వాళ్ల కొత్త సంవత్సరం పండుగ నౌరూజ్, ఆ రోజు భోజనానికి రమ్మన్నారు. ఒంటరిగా ఉంటానని బెంగపడకు.

నాన్న షుగర్ రిపోర్టు చెల్లిని వాట్సాప్‌లో పెట్టమను. మోకాలి నొప్పితో మేడ మెట్లెక్కి బట్టలు ఆరేయొద్దు, కింద వరండాలో తీగ కట్టించుకో. డబ్బు శుక్రవారం పంపుతాను.

ఉంటాను,
నీ చిన్నోడు