ఆ పత్తి రకం ఈసారి మన షాపులో దొరకదు

రైతు సోదరులకు నమస్కారం.

మీలో చాలామంది అడిగి మరీ తీసుకెళ్లే పత్తి విత్తనం రకం ఈ 2025 వానాకాలానికి నా దగ్గర లేదు. రాదు కూడా. పేరు రాయడం లేదు, మీకు తెలిసిందే. "స్టాకంతా బ్లాక్ చేశాడు, రేటు పెరిగాక బయటికి తీస్తాడు" అని బస్టాండు దగ్గర అనుకుంటున్నారట. బిల్లు లేకుండా ఒక్క ప్యాకెట్టు అమ్మని వాణ్ని పట్టుకుని ఇలా అంటే కడుపు మండుతుంది. అనుమానం ఉన్నవాళ్లు రండి, గోడౌన్ తాళాలు మీ చేతికే ఇస్తా. జరిగింది మాత్రం ఇది.

సరుకు కోసం ఇండెంట్ (ఆర్డరు) ఎండలు ముదరకముందే పెట్టాను. డబ్బు ముందే డిస్ట్రిబ్యూటర్ ఖాతాలో వేశాను. "వస్తోంది సార్, లోడింగ్‌లో ఉంది" అంటూ మే దాకా లాగారు. తీరా ఫోన్ చేసి, అడిగిన దాంట్లో పావు వంతే ఇస్తామన్నారు. అక్కడిదాకా నాకు కోపం లేదు. హైబ్రిడ్ పత్తి విత్తనం మిషన్లో తయారయ్యేది కాదు. గద్వాల, నంద్యాల వైపు చేలల్లో కూలీలు సాయంత్రం మొగ్గ ఒలిచి పుప్పొడి తీసేసి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి రుద్దుతారు. ఇలా ఒక్కో పువ్వుకూ చేతితో క్రాసింగ్ చేయాలి. నిరుడు అక్కడ తక్కువ పండితే ఈ ఏడాది ఎవరు తల కిందులుగా నిలబడ్డా విత్తనం పెరగదు.

కోపం వచ్చింది ఆ తర్వాతి మాటకి. ఆ పావు వంతు ఇవ్వాలన్నా లింకు అట. ఈ రకం పది ప్యాకెట్లు కావాలంటే, ఎవరూ అడగని ఇంకో రకం పది తీసుకోవాలి. దాని మీద బయో మందు బాటిళ్లు ఒక కేసు. ఆ బాటిలు లేబుల్ ముందూ వెనకా తిప్పి చదివాను. లోపల ఏముందో, ఎకరాకు ఎంత పోయాలో సరిగ్గా లేదు; పచ్చటి చేను ఫొటో మాత్రం బ్రహ్మాండంగా ఉంది. "మీరూ రైతులకు లింకు పెట్టేయండి సార్, అందరూ చేసేదే" అన్నాడు ఫోన్ చేసిన డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు. ఇన్నేళ్లు చెక్కులు బౌన్స్ కాకుండా వ్యాపారం చేసినవాడితో మాట్లాడే తీరేనా అది?

ఈ లింకు ఎక్కడినుంచి పుట్టిందో కూడా చెప్పాలి. 2006లో బీటీ పత్తి (పురుగును చంపే జన్యువు ఎక్కించిన పత్తి) విత్తనం ప్యాకెట్టు 1,600 రూపాయల పైనే ఉండేది. అందులో పెద్ద వాటా ఆ జన్యువు హక్కులున్న కంపెనీకి రాయల్టీగా పోయేది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి కొట్లాడితే 750కి దిగింది. 2015 డిసెంబరులో కేంద్రమే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బీజీ-2 (రెండు బీటీ జన్యువులున్న విత్తనం) ప్యాకెట్టు 800, అందులో రాయల్టీ 49 రూపాయలు. 2020 నాటికి ఆ రాయల్టీ సున్నా. ఈ 2025లో 475 గ్రాముల ప్యాకెట్టు 901.

ధర కట్టడి చేయడం తప్పని నేను అనను. 1,600 పెట్టి కొన్న రోజులు మా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ మంచి రకానికీ 901, మూలన పడుండే రకానికీ 901. అందరూ ఒకే రకం వెంట పడితే ధర పెరగదు కాబట్టి ఆ ఒత్తిడి దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఒకచోట బ్లాకు, ఇంకోచోట లింకు. తనిఖీకి వచ్చేవాళ్లు ఎమ్మార్పీ చూస్తారు. బిల్లులో 901 ఉంటుంది, బాటిలుకి వేరే బిల్లు. కాగితం మీద అంతా సవ్యమే.

నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. లింకు సరుకు నేనే భరించి, మీకు మంచి రకం మాత్రం 901కే ఇద్దామని లెక్క వేశాను. ప్యాకెట్టు మీద నాకు మిగిలేది ఆ బాటిళ్ల ధరలో ఏ మూలకూ రాదు. పైగా ఇచ్చిందే పావు వంతు, అది ఎవరికివ్వాలి, ఎవరికి లేదనాలి? ఇద్దరు ముగ్గురు పాత రైతులు "ఇంకో ఐదొందలు వేసుకో, మాకు ఇప్పించు" అన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, కానీ ఒకసారి 1,400కి అమ్మితే వచ్చే ఏడాది అదే రేటు అవుతుంది. మా ఆవిడ అయితే "ఈ ఒక్కసారికి తీసుకోరాదూ, గిరాకీ పక్క షాపుకి పోతుంది" అంది. పోయింది కూడా. అయినా వద్దనే చెప్పాను, ఇండెంట్ మొత్తం రద్దు చేయించి డబ్బు వెనక్కి రాబట్టాను.

బీజీ-3 గురించి కూడా అడుగుతున్నారు, అదీ నా దగ్గర దొరకదు. కలుపు కూలీలు దొరక్క గడ్డి మందు తట్టుకునే విత్తనం కోసం చూస్తున్నారని తెలుసు. దానికి అనుమతి లేదు. ఆ టెక్నాలజీ కంపెనీవాళ్లే 2016లో అనుమతి దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. టెక్నాలజీని మిగతా కంపెనీలకు ఇవ్వాలన్న ప్రభుత్వ ప్రతిపాదన వాళ్లకు నచ్చలేదు. రాత్రిపూట బండి మీద వచ్చే ఆ లూజు విత్తనానికి బిల్లు ఉండదు, లాట్ నంబరు ఉండదు. మొలవకపోతే ఎవర్ని అడుగుతారు? దొరికితే నా మీద పీడీ యాక్టు పెడతారు, ఆ సరదా నాకు లేదు.

ఇప్పుడున్న సరుకు సంగతి. వేరే కంపెనీల బీజీ-2 రకాలు మూడు ఉన్నాయి. ప్యాకెట్టు మీద బొమ్మ మారినా లోపలి బీటీ జన్యువులు అవే రెండు, 2006లో జంటగా అనుమతి వచ్చినవే. కాబట్టి గులాబీ పురుగు విషయంలో ఆ రకం దొరకలేదని టెన్షన్ పడొద్దు. ఆ పురుగు బీజీ-2ని ఎప్పుడో అరిగించుకుంది, ఏ రకం వేసినా లింగాకర్షక బుట్టలు (వాసనతో మగ పురుగుల్ని పట్టేవి) పెట్టాల్సిందే. కాయ సైజు, పత్తి తీత సులువు మాత్రం ఆ రకం అంత ఉండకపోవచ్చు. ఉంటుందని చెప్పి అమ్మను. మొలక శాతానికి కనీస ప్రమాణం 75. ప్రతి లాట్ నుంచి వంద గింజలు గోనెసంచిలో చుట్టి నేనే చూస్తున్నా, ఆ సంచులు కౌంటర్ పక్కనే ఉన్నాయి, విప్పి చూసుకోవచ్చు.

ఆ రకానికి అడ్వాన్సు కట్టినవాళ్లు వచ్చి డబ్బు తీసుకెళ్లండి. వేరే రకం కొనాలని ఏమీ లేదు. చీటీ పోయినా ఫర్వాలేదు, పుస్తకంలో మీ పేరు ఉంది.