‘ఎన్‌ఎంసీ గుర్తింపు’ అని అచ్చువేసే ముందు

సంపాదకులకు,

నీట్ ఫలితాలొచ్చి, రాష్ట్ర కౌన్సెలింగ్‌లో రెండు రౌండ్లు పూర్తయ్యేసరికి హన్మకొండ నయీంనగర్, కిషన్‌పురలో ఏ కరెంటు స్తంభం చూసినా విదేశీ ఎంబీబీఎస్ ఫ్లెక్సీలే. మీ జిల్లా అనుబంధంలోనూ అవే ప్రకటనలు వస్తున్నాయి. దాదాపు అన్నింట్లో ఉండే మాట ‘ఎన్‌ఎంసీ గుర్తింపు పొందిన యూనివర్సిటీ’. అట్లాంటి గుర్తింపు ఏదీ లేదు. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) ఏ విదేశీ కాలేజీకీ ఆమోదం ఇవ్వదు, ఆమోదించిన కాలేజీల జాబితా కూడా పెట్టదు. చదువు ముగించుకుని వచ్చాక విద్యార్థి కాగితాలు తన నిబంధనలకు సరిపోతున్నాయా లేదా అన్నదే చూస్తుంది. 2021 నవంబర్‌లో వచ్చిన ఆ నిబంధనలను మొదటి కిస్తీ కట్టకముందే చదవాలి. చాలా ఇండ్లలో ఆరేండ్ల తర్వాత చదువుతున్నారు.

వాటిలో ముందుగా చూడాల్సింది నెలల లెక్క. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. దానిపైన అదే సంస్థలో, ఆ దేశంలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. రెండూ కలిపితే 66. ‘ఐదేండ్లలో అయిపోతది’ అని కన్సల్టెన్సీవాళ్లు చెప్పే కోర్సు మొత్తం 60 నెలలే. ఆ తక్కువపడ్డ ఆరు నెలల సంగతి పిల్లలు తిరిగొచ్చి మెడికల్ కౌన్సిల్ కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు గానీ బయటపడదు. ఫిలిప్పీన్స్ పద్ధతిలో ముందు బీఎస్ డిగ్రీ, తర్వాత నాలుగేండ్ల ఎండీ (అక్కడ అది మన ఎంబీబీఎస్‌కు సాటి). బీఎస్‌ను మన ఇంటర్ బైపీసీ స్థాయి చదువుగానే చూస్తారు, వైద్యవిద్య లెక్కలోకి రాదు. మిగిలిన ఎండీ 48 నెలలే, 54కు చాలదు. కాబట్టి బ్రోచర్‌లో ‘ఆరేండ్లు’ అని ఉంటే సరిపోదు. ఏ నెల నుంచి ఏ నెల దాకా తరగతులు, ఎక్కడి నుంచి ఇంటర్న్‌షిప్ అన్నది యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి.

రెండోది లైసెన్సు. డిగ్రీ చేతికొస్తే చాలదు. ఆ దేశంలో డాక్టరుగా నమోదై, అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే అర్హత ఉండాలి. ‘విదేశీయులకు కూడా లైసెన్సు ఇస్తారా? ఏ పరీక్ష రాయాలి? ఏ భాషలో?’ అని అడిగితే సగం కన్సల్టెన్సీల్లో ఎదుటి మనిషి టీ తెప్పిస్తాడు. జవాబు రాకపోతే ఆ టీ తాగి లేచి రావడం మంచిది.

మధ్యలో కాలేజీ మారడం కుదరదు. మొదటి ఏడాది కిర్గిజ్‌స్థాన్‌లో, మిగతాది జార్జియాలో అన్న ఏర్పాటు చెల్లదు. 2022లో ఉక్రెయిన్‌లో చదువుతున్న మన పిల్లలకు ఇచ్చిన వెసులుబాటు యుద్ధం వల్ల వచ్చింది, దాన్ని చూపించి ఎవరైనా ధైర్యం చెబితే నమ్మొద్దు. ఇంట్లో కూర్చుని విన్న ఆన్‌లైన్ క్లాసులను కూడా ఒప్పుకోరు. ఎన్ని రోజులు అక్కడున్నారో పాస్‌పోర్టు మీది ఇమ్మిగ్రేషన్ ముద్రలతో సరిచూస్తారు గనుక, పాస్‌పోర్టు రెన్యువల్ చేసుకున్నా పాతదాన్ని పారేయకుండా దాచాలి.

నీట్ అవసరం లేదనే ఏజెంట్లు ఇంకా ఉన్నారు. అర్హత మార్కు దాటకుండా వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా నమోదు కావడానికి రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షకు కూర్చోలేరు. విదేశీ ప్రవేశానికి నీట్ స్కోరు మూడేండ్లు చెల్లుతుంది. ఈ ఏడు అర్హత రాకపోతే మళ్లీ రాయడమే దారి.

ఇక ఎఫ్ఎంజీఈ. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, తప్పు రాస్తే మార్కు కోత లేదు. వింటే తేలికనిపిస్తుంది. 2024 జూన్ సెషన్‌లో గట్టెక్కినవాళ్లు మాత్రం సుమారు 21 శాతమే. కారణం మార్కుల పంపకంలో కనిపిస్తుంది. అనాటమీ నుంచి ఫోరెన్సిక్ దాకా కలిపి 100 మార్కులు. మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల వైద్యం, కన్ను, చెవి, కమ్యూనిటీ మెడిసిన్ వగైరాలకు 200. అంటే రోగి మంచం పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన వాటికే మూడింట రెండు వంతులు. అక్కడ తరగతిలో ఇంగ్లిష్ ఉండొచ్చు, వార్డులో రోగి మాట్లాడేది రష్యన్ లేదా కిర్గిజ్ భాష. మొదటి రెండేండ్లలో ఆ భాష పట్టుబడకపోతే మూడో ఏడు నుంచి పిల్లలు వార్డులో గోడకానుకుని నిలబడి వస్తారు. పైగా మన జబ్బులు వేరు. పత్తి చేలో పురుగుమందు కొట్టి పడిపోయిన రైతుకు కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లోంచి సొంగ కారుతుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి క్యాజువాలిటీలో తెలిసినవాళ్లకు ఇది చూడగానే అర్థమవుతుంది, ఎట్రోపిన్ ఎక్కించి ఊపిరితిత్తుల్లో తడి ఆరేదాకా ఆపరు. పాముకాటు, డెంగీ, టీబీ కూడా అంతే. ఇవి కళ్లతో చూడనివాళ్లకు ప్రశ్నపత్రంలో చదివినా తట్టవు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇక్కడి ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ల అనుమతితో నాలుగు వారాలు పక్కనుండి చూసినా ఎంతో మేలు. అది ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రాదు, అయినా సరే.

పాసయ్యాక ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. దానికి కాలేజీలు ఫీజు తీసుకోకూడదు, స్టైపెండ్ ఇక్కడ చదివినవాళ్లతో సమానంగా ఇవ్వాలి. ఇది ఎన్‌ఎంసీ 2022లో చెప్పిందే. అడిగి తీసుకోండి.

పైసల విషయంలో ఎక్కువగా దెబ్బతినేది డాలరు దగ్గర. ఏడాదికి 4 వేల డాలర్ల ఫీజు అనుకుందాం. 2021లో డాలరు 74 రూపాయలున్నప్పుడు అది 2 లక్షల 96 వేలు. 2025 చివర్లో 90 దాటాక 3 లక్షల 60 వేలు. కాలేజీ ఒక్క డాలరు పెంచకుండానే ఏటా 64 వేలు అదనం. ప్యాకేజీని రూపాయల్లో చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు. ఫీజును ఏజెంటు ఖాతాకు వేయకుండా, బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం నింపి నేరుగా యూనివర్సిటీ ఖాతాకే పంపి, విద్యార్థి పేరు మీద రసీదు తీసుకోవాలి. విద్యారుణానికి పొలం తాకట్టు పెడదామనుకునేవాళ్లు ముందే బ్యాంకులో అడగాలి. బాకీ కట్టనివాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకులు జప్తు చేసుకునే సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని జప్తు చేయడం కుదరదు, అందుకే పట్టాదారు పాసుబుక్కు చూపిస్తే చాలా బ్యాంకులు తల అడ్డంగా ఊపి ఇంటి కాగితాలు అడుగుతాయి. ఇల్లు గ్రామకంఠంలో ఉండి రిజిస్ట్రేషన్ లేకపోతే అక్కడా ఇబ్బందే.

చిన్నదే గానీ నెలల తరబడి తిప్పేది పేరు. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో పొడి అక్షరంగా ఉంటే వెళ్లకముందే సరిచేయించుకోవాలి. రష్యన్ లిపి వాడే దేశాల్లో పేరును ఆ లిపిలోకి మార్చి, డిగ్రీ పట్టాకు అనువాదం చేసేటప్పుడు మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెస్తారు. శ్రీకాంత్ పేరు చివరి ‘హెచ్’ ఆ రాకపోకల్లో ఎగిరిపోతుంది. పట్టా అచ్చయ్యే ముందే పాస్‌పోర్టు స్పెల్లింగు చూపించి సరిచూసుకోవాలి. మన కాగితాలు విదేశాల్లో చెల్లడానికి వేయించే అపొస్టిల్ ముద్ర కోసమని ఒరిజినల్ మెమోలు ఏజెంటుకు ఇస్తే, ఏ తేదీన ఏవి ఇచ్చారో రాసి సంతకం పెట్టించుకోవాలి.

చివరగా మీకు ఒక విన్నపం. ప్రకటనలు ఆపమని మేం అనడం లేదు. ‘ఎన్‌ఎంసీ గుర్తింపు’ అన్న మాట మాత్రం తీసేయించండి. దాని చోట నాలుగు వివరాలు వేయమని అడగండి: తరగతులు ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, బోధన ఏ భాషలో, విదేశీ విద్యార్థికి అక్కడ లైసెన్సు వస్తుందా. ఆ నాలుగు లైన్లు ఇవ్వలేనివాళ్ల ప్రకటన వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం.

– విదేశాల్లో వైద్యం చదివి వచ్చిన కొందరు డాక్టర్లు, హన్మకొండ