శనివారం పాటల గురించి, నేను తీసుకున్న డబ్బు గురించి

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి మా సౌండ్ దుకాణానికి ఏళ్లుగా వస్తున్న మీ అందరికీ నమస్కారం. గత నెలన్నర రోజులుగా దుకాణం ముందరి బాక్సుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా అవే పద్నాలుగు పాటలు ఎందుకు మోగాయని, శనివారం సాయంత్రాలు మేడమీద గదిలో మనమంతా కూర్చుని వినే ఆల్బం మొదలయ్యే ముందు ఎవరూ కోరని రెండు పాటలు ఎందుకు వినవలసి వచ్చిందని మీలో కొందరు నన్ను ముఖం మీదనే అడిగారు. మరికొందరు అడగకుండానే రావడం మానుకున్నారు. ఆ పాటలు వేయడానికి నేను డబ్బు తీసుకున్నాను. ఇప్పుడు ఆపివేశాను.

జరిగింది ఇది. దుకాణం కిరాయి పెరిగిన నెలలోనే హైదరాబాదులోని ఒక ప్రచార సంస్థ మనిషి వచ్చి, మూడు నెలలకు 24,000 రూపాయలు ముందుగానే ఇస్తామని, తాము ఇచ్చే పెన్‌డ్రైవ్‌లోని పాటలు గంటకు ఇన్ని చొప్పున వినిపిస్తే చాలని చెప్పాడు. సినిమా పాటల మీద బతికిన దుకాణానికి ఇందులో తప్పేముందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. క్యాసెట్లు నింపి ఇచ్చిన రోజుల్లోనూ, మెమరీ కార్డులో పాటలు ఎక్కించిన రోజుల్లోనూ నాకు అన్నం పెట్టింది హిట్ పాటలే కనుక వాటిని చిన్నచూపు చూసే అర్హత నాకు లేదు. అయితే అప్పట్లో మీరు చీటీ మీద పాటల పేర్లు రాసి తెచ్చేవారు, నేను నింపి ఇచ్చేవాడిని. ఈసారి చీటీ మీది కాదు, నాది కూడా కాదు. ఈ తేడా సంతకం పెట్టేటప్పుడు నాకు తట్టకపోవడమే నా తెలివితక్కువతనం.

ఆ పద్నాలుగు పాటలు రోజంతా వింటే మనిషికి ఒక సంగతి తెలుస్తుంది. వాటిలో మూడు నిమిషాలు దాటినవి రెండే. పల్లవి కోసం ఎదురుచూసే పని లేకుండా అది మొదటి పది సెకన్లలోనే వచ్చి మీద పడుతుంది. ఫోన్‌లో పాటలు వినే స్పాటిఫై యాప్‌లో పాట 30 సెకన్లు మోగితేనే ఒక వినికిడిగా లెక్కకు వస్తుంది, 2024 నుంచి ఏడాదిలో వెయ్యి వినికిళ్లు లేని పాటకు అక్కడ పైసా రాదు. అటువంటి బజారులో ఆలాపనకు, మౌనానికి చోటెక్కడిది? పాట కట్టేవారిని నేను తప్పుపట్టను. తూకం ఎలా ఉంటే సరుకు అలా తయారవుతుంది.

వైర్లకో రిపేరుకో మాత్రమే వచ్చేవారికి మేడమీద గది సంగతి తెలియకపోవచ్చు. కొన్నేళ్ల క్రితం ఇంజినీరింగు చదివే ఒక పిల్లవాడు ఆంప్లిఫయర్ పరీక్షించి చూసుకుంటానని తన ఫోన్‌లోంచి ఒక పాట పెట్టాడు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, పాట అయిపోదు. "ఇది ఎప్పుడైతది బాబూ?" అని అడిగితే, "ఇంకా ఏడు నిమిషాలుంది అంకుల్" అన్నాడు. ఆ ఏడు నిమిషాలూ నేను గిరాకీని నిలబెట్టి విన్నాను. అది ఇంగ్లండుకు చెందిన పోర్క్యుపైన్ ట్రీ బృందం 2007లో తెచ్చిన 'ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్' అనే ఆల్బంలోనిది. మొత్తం ఆల్బంలో పాటలు ఆరే, వినడానికి పట్టేది దాదాపు 50 నిమిషాలు. ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన పాటలతో, మారే తాళాలతో నడిచే రాక్ సంగీతం, పొట్టిగా ప్రోగ్) అంటే 1969లో కింగ్ క్రిమ్సన్ బృందం తొలి ఆల్బంతో పేరు తెచ్చుకుని, 1970ల్లోనే ముగిసిన ముచ్చట అనుకున్న నాకు, అది ఇప్పటికీ కొత్తగా పుడుతూనే ఉందని ఆ పిల్లవాడి వల్ల తెలిసింది. ఆ తర్వాత స్వీడన్ నుంచి ఓపెత్, పోలండ్ నుంచి రివర్‌సైడ్, అమెరికా నుంచి టూల్ బృందాల ఆల్బంలు ఒక్కొక్కటిగా మేడ మెట్లెక్కి వచ్చాయి. ఆల్బం మొదటి నుంచి చివరి వరకు, మధ్యలో ఫోన్ తీయకుండా, మాట్లాడకుండా వినడం ఒక్కటే ఆ గది నియమం. ఆ నియమం పెట్టినవాడిని నేనే, చెడగొట్టినవాడినీ నేనే.

ప్రచార సంస్థ మనిషి శనివారం గది గురించి ఎవరి ద్వారానో విని, అక్కడ కూడా రెండు పాటలు వేయాలని పట్టుబట్టాడు. నేను కాదనలేదు. అలా రెండు కొత్త పాటలు వేసి, వెంటనే పోర్క్యుపైన్ ట్రీ 2002 నాటి ఆల్బం 'ఇన్ ఆబ్సెన్షియా' పెట్టాను. అందులో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజాక్' అనే పాట వస్తుందన్న ఆలోచనైనా నాకు లేకపోయింది. మ్యూజాక్ అంటే, జార్జ్ స్క్వయర్ అనే అమెరికా సైనికాధికారి 1934లో మ్యూజిక్, కోడాక్ అనే రెండు మాటలు కలిపి తన కంపెనీకి పెట్టిన పేరు. హోటళ్లకు, ఆఫీసులకు తీగల గుండా పాటలు సరఫరా చేసిన ఆ కంపెనీ పేరే, ఎవరూ చెవి పెట్టి వినని సంగీతానికి పర్యాయపదమైంది. సంగీతం అంగడి సరుకై, మనుషులు దాన్ని పట్టించుకోకుండా పోయారని వాపోయే పాట అది. దాని చరణం ఏడు మాత్రల్లో నడుస్తుంది. గదిలో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే రిటైర్డ్ లెక్కల సారు మృదంగం నేర్చినవారు. ఆయన తకిట తకధిమి అంటూ మిశ్రచాపును తొడ మీద లెక్కవేస్తూ విని, పాట అయ్యాక నా వైపు తిరిగి, "ఏం సేటూ, ఈ పాట నీ మీదనే కట్టిండ్రా ఏంది?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఎంత గుచ్చుకుందో ఇప్పుడు దాచుకోవడం ఎందుకు? ఆయన మీద నాలుగు రోజులు కోపంగా ఉన్నాను. అటు తర్వాత ఆ కోపం ఎవరి మీద ఉండాలో అర్థమైంది.

ఒప్పందం మధ్యలో ఆపితే మొత్తం డబ్బు తిరిగి ఇవ్వాలని కాగితంలో ఉంది. 47 రోజులు పాటలు వేశాను కదా, మిగిలిన రోజుల లెక్కకు ఇస్తానంటే వారు ఒప్పుకోలేదు. ఇంకో నెలన్నర ఓర్చుకుంటే పోయేదేముందని మా ఇంటావిడ అన్నది, అందులో న్యాయం లేకపోలేదు. పొద్దున ఓర్చుకుందామని, రాత్రి వద్దని, ఇట్లా రెండు వారాలు నలిగాను. ముందరి బాక్సుల్లో వేసి మేడమీద మాత్రం ఆపుదామని మధ్యేమార్గం కూడా ఆలోచించాను. కానీ కింద డబ్బు తీసుకుని వేసే చెయ్యి, పైన మనసుపెట్టి వేస్తున్నదని మీరు ఎట్లా నమ్ముతారు? చివరికి మేడమీది పన్నెండు అంగుళాల వూఫర్ల పెద్ద బాక్సుల జతను మిర్యాలగూడ ఆసామికి అమ్మి, 24,000 రూపాయలూ తిరిగి కట్టేశాను. కాబట్టి ఇకపై శనివారాలు ఆరున్నర అంగుళాల చిన్న బాక్సుల మీదే వినవలసి ఉంటుంది. బేస్ తగ్గుతుంది, డ్రమ్ము దెబ్బ మునుపటిలా ఛాతీకి తగలదు. గది చిన్నదే కనుక గొంతులు, గిటార్లు మాత్రం బాగానే వినిపిస్తున్నాయి, నిన్న రాత్రి ఒక్కడినే కూర్చుని పరీక్షించాను.

ఈ సంగతి తెలిసి ఇద్దరు ముగ్గురు చందా వేసుకుందామన్నారు. ఇంగ్లండులో మారిలియన్ అనే బృందం రికార్డింగు మొదలుకాకముందే 12,000 మందికి పైగా అభిమానుల దగ్గర ముందస్తు సొమ్ము తీసుకుని, ఆ డబ్బుతో 2001లో ఆల్బం తెచ్చిందని ఒక మిత్రుడు ఉదాహరణ కూడా చెప్పాడు. ఆ అభిమానులు ఆల్బం కొనుక్కున్నారు, దానం చేయలేదు. నాకు చందా వద్దు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే కేబులూ రిమోటూ నా దగ్గర కొనండి, అది చాలు. మొండితనం అనుకున్నా సరే.

ప్రోగ్ వాళ్లు వ్యాపారం తెలియని ఋషులని కూడా నేను అనను. పాత ఆల్బంనే కొత్త మిక్స్ అని, డీలక్స్ పెట్టె అని, రంగు రికార్డు అని నాలుగుసార్లు అమ్మడం వారికీ బాగా తెలుసు. అలాంటి పెట్టె ఒకటి నేనూ కొని, ధర ఎంతో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

వచ్చే శనివారం సాయంత్రం ఆరున్నరకు, కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలిపి వాయించే బెంగళూరు బృందం అగమ్ 2012లో తెచ్చిన ఆల్బం వేస్తాను. చాయ్ ఎప్పటిలాగే నా ఖర్చు. లెక్కల సారు కుర్చీ కిటికీ పక్కనే ఉంటుంది. ముందరి బాక్సుల్లో ఇకపై ఎవరు ఏ పాట అడిగితే ఆ పాట, ఎవరూ అడగకపోతే ఏ పాటా లేదు. పెన్‌డ్రైవ్‌ను ఆర్టీసీ కార్గోలో హైదరాబాదుకు పంపించాను, రసీదు గల్లాపెట్టెలో ఉంది.