తామరాకు మీద నిలవని బాధ్యత: హెథెల్ కార్ల కర్మాగారం గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

బ్రిటన్‌లో పరిశ్రమల బాధ్యత చూస్తున్న గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. హెథెల్‌లోని లోటస్ కార్ల కంపెనీలో పోతున్న ఉద్యోగాల మీద నేను ఇదివరకు ఆంగ్లంలో రెండు ఉత్తరాలు రాశాను. అవి ఏ కార్యాలయానికి వెళ్లాయో, అక్కడ ఎవరి బల్ల మీద నిద్రపోతున్నాయో ఇక్కడ చెప్పి ఎవరినీ నొప్పించదలచుకోలేదు. ఉత్తరం అందిందని యంత్రం తనంతట తాను పంపిన రెండు వాక్యాలను మాత్రం భద్రంగా దాచుకున్నాను, ఎందుకంటే ఈ వ్యవహారంలో నాకు దక్కిన సమాధానం అదొక్కటే. ఈసారి మాతృభాషలో రాస్తున్నాను. తమరు చదివే అవకాశం దీనివల్ల మునుపటికంటే తగ్గేదేమీ ఉండదు. పైగా బ్రిటన్ కర్మాగారాలలో పనిచేస్తున్న మా తెలుగువాళ్లు, రేపు పనిచేయడానికి రాబోతున్న వాళ్లు కొందరైనా చదువుతారు.

నేను లోటస్ ఉద్యోగిని కాను, ఎన్నడూ కాలేదు. తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో హెథెల్‌కు కొద్ది మైళ్ల దూరంలో కాపురముంటున్న ఒక మెకానికల్ ఇంజనీరును. యుద్ధకాలపు విమానాశ్రయం మీద 1966లో వెలసిన ఆ కర్మాగారం ఈ ప్రాంతానికి ఏమిటో తమకు విడమరిచి చెప్పనక్కరలేదు. 2025 ఏప్రిల్‌లో 270 దాకా ఉద్యోగాలు తీసేస్తామన్నారు. ఆగస్టు వచ్చేసరికి సుమారు 1,300 మంది ఉన్నచోట 550 మంది దాకా పోతారన్నారు. ఈ అంకెలు తమ శాఖ దస్త్రాలలో ఉండే ఉంటాయి. నా ఫిర్యాదు అంకెల మీద కాదు. ఉద్యోగం పోతున్న మనిషి వెళ్లి నిలదీయడానికి ఒక గుమ్మం లేకపోవడం మీద.

ఆ గుమ్మం కోసం నేను వెతికాను. హెథెల్ కర్మాగారం పైన మలేషియాలో నమోదైన లోటస్ అడ్వాన్స్ టెక్నాలజీస్ అనే సంస్థ ఉంది. దానిలో 2017 నుంచి 51 శాతం చైనాకు చెందిన జీలీది, తక్కిన 49 శాతం మలేషియాకు చెందిన ఎటికా ఆటోమోటివ్‌ది. అయితే ఆ కార్లను ప్రపంచమంతటా అమ్మే హక్కు వీటిది కాదు. అది లోటస్ టెక్నాలజీ అనే మరో సంస్థది. అది నమోదైంది కేమన్ దీవులలో, నడిచేది చైనా నుంచి, దాని షేర్లు 2024 ఫిబ్రవరి నుంచి చేతులు మారేది న్యూయార్క్‌లోని నాస్‌డాక్ మార్కెట్లో. షేరు మార్కెట్‌కు పెళ్లికూతురిలా ముస్తాబై వెళ్లిన ఈ సంస్థలో చైనాలోని వూహాన్ వ్యాపారం ఉంది కానీ హెథెల్ లేదు. హెథెల్‌ను ఆ తర్వాత కలుపుకోవడానికి పుట్ ఆప్షన్ అనే అమ్మకపు హక్కు ఒకటి రాసుకున్నారు. 2025 ఏప్రిల్‌లో జీలీ ఆ హక్కును వాడుకుని, తన 51 శాతాన్ని కొనవలసిందిగా తన అధీనంలోనే ఉన్న లోటస్ టెక్నాలజీకి తాఖీదు ఇచ్చింది. ఈ చేత్తో తీసి ఆ చేత్తో ఇచ్చుకోవడం అన్నమాట. అదే నెలలో హెథెల్‌లో 270 మంది ఉద్యోగాల మాట వినవలసి వచ్చింది.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదని తమ అధికారులు చెబుతారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ కార్మికుడు ఎవరిని అడగాలి? నార్ఫోక్‌లోని మేనేజరును అడిగితే నిర్ణయం వూహాన్‌ది అంటాడు. వూహాన్ అధికారి నాస్‌డాక్ వాటాదారుల మేలు చూడాలంటాడు. ఆ వాటాదారుడికి హెథెల్ ఏ దేశంలో ఉందో తెలియనక్కర లేదు. లోటస్ అంటే మా భాషలో తామర. తామరాకు మీద నీటిబొట్టు ఎంత అందంగా దొర్లుతుందో, ఇక్కడ బాధ్యత అంతే అందంగా ఒక సంస్థ మీద నుంచి ఇంకో సంస్థ మీదికి దొర్లిపోతోంది, ఎక్కడా తడి అంటదు. కంపెనీని స్థాపించి ఆ పేరు పెట్టిన కాలిన్ చాప్‌మన్ ఈ అర్థంలో పెట్టి ఉండడు.

ఆయన 1982లో పోయాక ఈ కంపెనీ ఎన్ని చేతులు మారిందో తమకు తెలుసు: 1986లో జనరల్ మోటార్స్, 1993లో ఇటలీ వ్యాపారి రోమానో ఆర్టియోలి, 1996లో మలేషియా కార్ల కంపెనీ ప్రోటాన్, 2012లో ఆ ప్రోటాన్‌నే కొన్న డీఆర్‌బీ-హైకామ్, 2017లో జీలీ. వీరిలో ఆర్టియోలి మీద నాకు కాస్త అభిమానం ఉంది, ఒక కారుకు మనవరాలి పేరు పెట్టుకున్నాడు కాబట్టి. ఆ ఎలీజ్ కారు బరువు మొదట్లో సుమారు 725 కిలోలు. ఇప్పటి యజమానులు వూహాన్‌లో తయారు చేస్తున్న ఎలెట్రే అనే ఎలక్ట్రిక్ కారు బరువు దాదాపు రెండున్నర టన్నులు. కారును వీలైనంత తేలికగా చేయడమే వ్రతంగా బతికిన చాప్‌మన్ కంపెనీ ఇది. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ బరువు తప్పదని ఇంజనీరుగా నాకు తెలుసు. అయినా మనసు ఒప్పుకోదు. భారత్, బ్రిటన్‌ల మధ్య 2025 జూలైలో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు కాగానే కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, ఇక లోటస్ చవకవుతుందా బావా అని అడిగాడు. నువ్వు చూసిన ఎలెట్రే చైనాలో తయారైంది, దానికీ ఈ ఒప్పందానికీ సంబంధం లేదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. పేరు బ్రిటన్‌ది, సరుకు బ్రిటన్‌ది కాదన్న సంగతి అతనికి ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

హామీల సంగతికి వస్తాను. కంపెనీకి 80 ఏళ్లు నిండే 2028 నాటికి ఏడాదికి 1,50,000 కార్లు అమ్ముతామన్నారు. 2024లో అమ్మినవి సుమారు 12,000. పూర్తిగా ఎలక్ట్రిక్ కంపెనీ అవుతామన్నారు. ఇప్పుడు హైబ్రిడ్ల వైపు తిరిగారు. అమెరికా సుంకాల దెబ్బ నిజమే, 27.5 శాతం సుంకం ఏ చిన్న కంపెనీ నడుమైనా విరుస్తుంది. తమ ప్రభుత్వం దాన్ని ఏడాదికి లక్ష బ్రిటిష్ కార్ల మేరకు 10 శాతానికి తగ్గించగలిగినందుకు కృతజ్ఞతలు. ఆ తగ్గింపు అమలులోకి వచ్చింది 2025 జూన్ ఆఖరున. రెండు నెలలు తిరగకుండానే 550 మంది కబురు వచ్చింది. హెథెల్‌లో ఉత్పత్తి ఆగిపోతుందని జూన్‌లో పత్రికలు రాసినప్పుడు, ఏ కర్మాగారాన్నీ మూసే ఆలోచన లేదని కంపెనీ ప్రకటించింది. ఆ మాట ఇవాళ్టికీ నిలబడే ఉంది. మూయలేదు కదా. మనుషులను మాత్రమే పంపిస్తున్నారు.

ఇంత కటువుగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేను మరో ప్రాంతంలో ఒక విడిభాగాల కర్మాగారంలో పనిచేశాను. పేరు రాయను. నేనున్న నాలుగేళ్లలో దాని యాజమాన్యం మూడుసార్లు మారింది. మారిన ప్రతిసారీ క్యాంటీన్‌లో మమ్మల్ని నిలబెట్టి, మీకేమీ కాదు, మీరే మా ఆస్తి అని చెప్పేవారు. మూడోసారి చెప్పిన ఏడో వారంలో నాకు నోటీసు ఇచ్చారు. క్యాంటీన్‌లో మాట ఇచ్చిన పెద్దమనిషిని అడుగుదామంటే, ఆ మాట పాత సంస్థ ఇచ్చిందనీ, తాను ఇప్పుడు కొత్త సంస్థ మనిషిననీ చెప్పాడు. అదే కుర్చీ, అదే మనిషి! ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మా అమ్మ అంటుండేది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, వీసా కుదించిన నాటినుంచి మరో యజమానిని వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. కంపెనీ యాజమాన్యం మారడానికి ఏళ్లు పట్టవచ్చు, దానికి గడువేమీ ఉండదు. నాకు 51వ రోజున మరో పని దొరికింది. దొరకని ఇద్దరు మావాళ్లను విమానం ఎక్కించి వచ్చాను.

ఈ దేశం ఇలాంటివి చూడలేదా? 2000లో రోవర్ కార్ల కంపెనీని ఫీనిక్స్ అనే వ్యాపారుల బృందం 10 పౌండ్లకు కొన్నది. 2005 ఏప్రిల్‌లో దాని లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారం కూలి 6,000 మందికి పైగా వీధిన పడ్డారు. కంపెనీని నడిపిన అయిదుగురు పెద్దలకు జీతాలు, పింఛన్ల రూపంలో దాదాపు 4 కోట్ల 20 లక్షల పౌండ్లు ముట్టాయని విచారణ తేల్చింది. ఆ విచారణకే నాలుగేళ్లు పట్టింది, కోటీ అరవై లక్షల పౌండ్లు ఖర్చయింది. కార్మికుల నిధి అని ఊరించిన దానిలో చివరికి మిగిలినది పంచితే మనిషికి మూడు పౌండ్లు. కంపెనీ ఖరీదు పది, కార్మికుడి ఖరీదు మూడు. ఆ కంపెనీ కార్లకున్న ఎంజీ అనే పేరు మాత్రం క్షేమంగా చైనా యాజమాన్యంలోకి చేరి, ఇప్పుడు హైదరాబాద్ రోడ్ల మీద తిరుగుతోంది. 2010లో క్యాడ్‌బరీని కొంటూ దాని సోమర్‌డేల్ చాక్లెట్ కర్మాగారాన్ని నడుపుతామన్న అమెరికా సంస్థ క్రాఫ్ట్, కొన్న కొద్ది రోజులకే మాట తప్పింది. అప్పుడు నియమాలు బిగించారు. కొనేవాడు ఇచ్చిన హామీ కాగితం మీద ఉంటే దానికి కట్టుబడాలన్నారు. చాలా మంచిది. అయితే ఆ నియమాలు ఇక్కడి పబ్లిక్ కంపెనీలను కొనేటప్పటివి. కేమన్ దీవులలో నమోదైన సంస్థ మలేషియా సంస్థలో వాటా కొంటే అవి ఈ గట్టుకు చేరవు, నీటిబొట్టు మళ్లీ దొర్లిపోతుంది.

కనుక తమరిని నేను అడిగేది: ఒక సంతకం. హెథెల్‌లో ఏయే పనులు ఎన్నేళ్లు ఉంటాయో, ఉంటాయని ఎవరు మాట ఇస్తున్నారో, ఆ మాట తప్పితే ఏ చట్టం కింద ఎవరిని అడగాలో ఒక కాగితం మీద రాయించి, దాని కింద ఒక మనిషి పేరుతో సంతకం పెట్టించండి. మాట్లాడుతున్నాం, పరిస్థితిని గమనిస్తున్నాం అన్న ప్రకటనలు వద్దు. గమనించడం మా పెరటి గోడ మీది పిల్లి కూడా చేస్తుంది. జీలీ పెట్టుబడి పెట్టలేదని నేను అనడం లేదు, ఎమిరా అనే కారు కోసం కట్టిన కొత్త అసెంబ్లీ హాలు కళ్ల ముందే ఉంది. పెట్టుబడి పెట్టినవాడు సంతకం పెట్టడానికి ఎందుకు జంకుతాడో నాకు అర్థం కావడం లేదు. యాజమాన్యం మళ్లీ మారితే, మారకముందే తమరు కలుగజేసుకోవాలని కూడా అడుగుతున్నాను. అన్నిటికంటే ముందు ఆ సంతకం సంగతి చూడండి.

సమాధానం ఆంగ్లంలో ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. యంత్రం చేత మాత్రం ఇప్పించకండి.

ఇట్లు,
భవదీయుడు,
నార్ఫోక్‌లో ఉంటున్న ఒక తెలుగు ఇంజనీరు